అలాగే అనని కాదమ్మ

యంత్రపురి రేవులో ఓడ ఆగేసరికి రాకుమారి కేతకి మీసం ఒకపక్క ఊడి గాలికి రెపరెపలాడుతోంది. పక్కన నిలబడ్డ అంబోజి అది చూసి గతుక్కుమని తన తలపాగా కొంగు అడ్డం పెట్టాడు. ఆ చాటున ఆమె మీసాన్ని పెదవికి అదుముకుని, మళ్లీ వర్తకుడి కొడుకు కేతుగుప్తుడై గడ్డం పైకెత్తింది. ప్రళయం వచ్చినా ఈ మీసం ఊడదని వైడూర్యగిరిలో ఆస్థాన వేషగాడు ఒట్టు వేసి మరీ అంటించాడు. అది ప్రళయానికి ఆగేదేమో గాని ఉప్పుగాలికి ఆగలేదు.

రాజు కూతురు మీసం పెట్టుకుని సముద్రం దాటవలసి రావడానికి కారణం ఆమె తమ్ముడు పుష్కరుడు. వేటకు వెళ్లిన ఆ నూనూగు మీసాల కుర్రవాణ్ణి జృంభకుడనే ముసలి మాంత్రికుడు ఎత్తుకుపోయాడు. ఈ జృంభకుడు కత్తి పట్టడు, దండం తిప్పడు. నోరు తెరిచి ఒక్కసారి ఆవులిస్తాడు. ఆ గాలి సోకినవాళ్లు నిలబడ్డచోటనే గుర్రుపెడతారు. నడిసముద్రంలో నిట్టనిలువుగా లేచిన ఒంటికొమ్ము కొండ మీద అతని కోట ఉంది. దానికి మెట్లు లేవు, దారి లేదు. రాబోయే సూర్యగ్రహణం వేళ తన ముసలితనాన్ని పుష్కరుడికి అంటగట్టి, అతని పడుచుతనాన్ని తాను తొడుక్కోవాలని జృంభకుడి పన్నాగం. గ్రహణం పూర్తిగా పట్టేలోగా ఆ కోటలో దిగకపోతే, కేతకి ఇంటికి తెచ్చుకునేది తమ్ముణ్ణి కాదు, పళ్లూడిన ముసలివాణ్ణి.

కోటలో దిగాలంటే గాలిపడవ కావాలి. వైడూర్యగిరి వడ్రంగులు రథాలు చేయడంలో దిట్టలు. గాలిపడవ మాత్రం వాళ్ల తాతలు కూడా ఎరగరు. అయినా రాజుగారు అడిగాక లేదనడం ఎలా అని ఒకటి చేశారు. అది కోటబురుజు మీదినుంచి లేచి, ఒక్క గిరికీ కొట్టి, తిన్నగా పోయి వంటశాలలో పులిహోర గంగాళంలో కూలబడింది. అందులో కూర్చున్నవాడు ఆస్థాన మల్లుడు అంబోజి. అప్పటినుంచి అతడు పిట్ట ఎగిరినా కళ్లు మూసుకుంటున్నాడు.

ఆ రోజున రాజు వీరభోజుడు కూతురిని పిలిచి, చేతకాని పనిని పరాయివాడికి అప్పగించడంలో చిన్నతనం లేదని, చేతకాని పరాయివాడికి అప్పగించడమే చిన్నతనమని చెప్పాడు. పడవ ఎక్కేది తానే కాబట్టి, చేసేవాణ్ణి ఎంచుకునేది కూడా తానేనని కేతకి పట్టుబట్టింది. మాంత్రికుడి వేగులు ఎక్కడైనా ఉండవచ్చు గనుక మీసం అంటించుకుంది. యంత్రాలకు పుట్టినిల్లని పేరుపడ్డ యంత్రపురికి ఆమె వచ్చిన వైనం ఇదీ.

ఆ నగరం సంగతి మొదట తెలిసివచ్చింది అంబోజికి. సత్రంలో కాలు పెడుతూనే అతడు వేడివేడి గారెలు కావాలన్నాడు. సత్రం యజమాని చేతులు జోడించి, "అలాగే దొరా" అన్నాడు. పొద్దు నడినెత్తికి వచ్చింది, గారెలు రాలేదు. మళ్లీ అడిగితే మళ్లీ అలాగే అన్నాడు. పొద్దు వాలాక ఒక పళ్లెం నిండా అటుకులు తెచ్చి పెట్టాడు. గారెలు కదా అడిగానని అంబోజి కళ్లెర్రజేస్తే, యజమాని ఇంకా తియ్యగా నవ్వి, "అలాగే దొరా" అని లోపలికి వెళ్లిపోయాడు.

దీని వెనక ఒక కట్టుబాటు ఉంది. ఆ నగరం కట్టించిన ఆదిశిల్పి, అతిథి కోరినది ఎంత కష్టమైనా చేసి పెట్టాలని, కాదన్న నోరు ఈ ప్రాకారం లోపల ఉండరాదని సింహద్వారం మీద శాసనం చెక్కించాడు. ఆయన చేతికి చేతకానిది లేదు కాబట్టి ఆయనకు ఇబ్బంది లేకపోయింది. తరాలు గడిచేసరికి చేసిపెట్టడం అరిగిపోయి, కాదనకపోవడం ఒక్కటే మిగిలింది. ఇప్పుడు అక్కడ పసిపిల్లలు కూడా అమ్మ అనే ముందు అలాగే అంటారు. పొరపాటున ఎవడైనా కాదన్నాడా, ఆ సాయంత్రానికి వాడి మూటాముల్లె గోడ అవతల ఉంటుంది.

మర్నాడు కేతకి చిత్రభానుడి యంత్రశాలకు వెళ్లింది. ఆ శోభ చూసి తీరవలసిందే. ముఖద్వారానికి ఇరువైపులా వెండిరేకుల పింఛాలు విప్పిన యంత్రమయూరాలు వచ్చేపోయేవారి మీద పన్నీరు చిలకరిస్తున్నాయి. స్ఫటికస్తంభాల నడుమ చందనపు కొయ్యతో మలచిన దారుకన్యలు అందెలు ఘల్లుమనగా కోలాటం ఆడుతున్నారు. పైకప్పున నవరత్నాలు పొదిగిన గ్రహమండలం కిర్రుమనకుండా తిరుగుతోంది. అంబోజి నోరు తెరుచుకుని చూస్తుండగా ఒక మయూరం గురి తప్పకుండా అతని నోట్లోకే పన్నీరు కొట్టింది.

చిత్రభానుడు ఎదురొచ్చి, పట్టు పరుపుల మీద కూర్చోబెట్టి, గాలిపడవ మాట ఎత్తగానే అలాగే అన్నాడు. గ్రహణం లోపలే కావాలంటే అలాగే అన్నాడు. జెండా ఏ రంగు, పరుపులు పట్టువా మఖమలువా, ముందు భాగాన హంస ముఖమా సింహం ముఖమా అని తానే అడిగాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్టుంది వ్యవహారం. పని చేసే చేతులను చూడాలని కేతకి కోరింది. దానికీ అలాగే అన్నాడు గాని, ముందు గంధం పూయించాడు, తరువాత పానకం తాగించాడు, ఆపైన వీణ వాయించే కొయ్యబొమ్మ పాట పూర్తయ్యేదాకా కూర్చోబెట్టాడు. అప్పుడు తలుపులు తెరిస్తే లోపల పనివాళ్లు బారులు తీరి ఉలులు ఆడిస్తున్నారు. వాళ్లలో ఒకడికి ఎడమవైపు మీసం నిప్పుకు కాలిపోయి కుడివైపుది మాత్రమే మిగిలింది. మీసం గురించి బెంగ ఉన్నవాళ్లకు ఎదుటివాళ్ల మీసాలే ముందు కనబడతాయి. కేతకి అతన్ని బాగా గుర్తుపెట్టుకుంది.

అక్కడినుంచి ఊరికి రెండో కొసన ఉన్న రత్నాకరుడి శాలకు పోయింది. చిత్రభానుడికీ రత్నాకరుడికీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుందని ఊరంతా చెప్పుకుంటుంది. ఇక్కడా గంధం, ఇక్కడా పానకం, ఇక్కడ మాత్రం పాట పాడేది కొయ్యచిలక. తలుపులు తెరిచేసరికి బారులు తీరిన పనివాళ్ల మధ్య అదే సగం మీసం. అతడు ఉలి తలకిందులుగా పట్టుకుని, రొప్పుతూ, చెమటలు కక్కుతున్నాడు.

కేతకికి కోపం రావలసింది. కాని ఆమె బుగ్గలో నవ్వు పొంగింది. ఆమె గొంతు సవరించుకుని రత్నాకరుడితో, తన పడవ ఆకాశంలో ఎగరాలని, అయితే నేల విడవరాదని చెప్పింది. ఏనుగును మోయాలి గాని దూది కంటే తేలికగా ఉండాలంది. ఎవరి కంటా పడకూడదు, చూసినవాళ్లందరూ భేష్ అనాలి అని కూడా చేర్చింది.

రత్నాకరుడు రెప్ప కూడా వేయలేదు. "అలాగే అయ్యా. రంగు మాత్రం తమరే సెలవియ్యాలి."

మాటలు కోటలు దాటుతాయి, చేతలు గడప దాటవు అని కేతకికి అర్థమైపోయింది. అయినా మూలం తేల్చుకోవాలని మూడో శాలకు వెళ్లింది. పానకం రాగానే తన గిన్నె కూడా అంబోజికి ఇచ్చి, ఇద్దరి వంతూ నెమ్మదిగా తాగమని చెప్పి, దొడ్డిదారిన గోడ ఎక్కి అవతలికి తొంగిచూసింది. ఇరుకు సందులో ఉలులు చంకన పెట్టుకుని, పంచెలు ఎగగట్టి, ఊరి పనివాళ్లందరూ ఒకరినొకరు తోసుకుంటూ పరుగెత్తుకొస్తున్నారు. ఆమె గోడ దూకి, ఆఖరున కుంటుతూ వస్తున్న సగం మీసం వాడి పంచె కొంగు పట్టుకుంది.

అతని పేరు సింగన్న. పట్టుబడ్డందుకు ఏడవకపోగా ఆ సందులోనే చతికిలబడి, దేవుడు పంపినట్టు వచ్చావు నాయనా అన్నాడు. శాలల పేర్లే వేరట, పనివాళ్లు మాత్రం వీళ్లేనట. అతిథి పానకం తాగేలోగా ఈ శాలనుంచి ఆ శాలకు పరుగెత్తడమే వాళ్ల అసలు ఉద్యోగమట. చిత్రభానుడు ఎవరికో నిప్పులు కక్కే కొయ్యపక్షిని తెల్లారేసరికి ఇస్తానన్నాడట. జిగురు ఆరలేదని సింగన్న చెప్పబోతే అదీ కాదనడమే అవుతుందని నోరు నొక్కారట. మీసం పోయింది ఆ పక్షి వల్లనేనట.

మరి నిజంగా పడవ చేసేవాళ్లే లేరా అని కేతకి అడిగింది. సింగన్న సందు చివరిదాకా చూసి గొంతు తగ్గించాడు. "పడమటి గోడ అవతల కాదమ్మ ఉంది బాబూ. పేరు వజ్రమ్మ. కాదన్నందుకే బయట పారేశారు. నోరు మంచిది కాదు, చెయ్యి మంచిది."

కాదమ్మ పాక సముద్రపు ఒడ్డున ఉంది. మయూరాలు లేవు, పన్నీరు లేదు. చూరు పొడుగునా విరిగిన రెక్కలు, చీలిన చుక్కానులు, ముక్కు పగిలిన కొయ్యగద్ద ఒకటి వేలాడుతున్నాయి. గుమ్మంలో భారీమనిషి ఒకావిడ, నెరిసిన జుట్టు కొప్పున ముడిచి, పచ్చిమిరపకాయ కొరుకుతూ కూర్చుని ఉంది. ఇద్దరినీ ఎగాదిగా చూసి, రండి అని కూడా అనకుండా, "ఆ మీసం అంటించినవాడు ఎవడో గాని, వాడికి ఇంకే పనీ ఇయ్యకండి" అంది.

కేతకి చెయ్యి గబుక్కున పెదవి మీదికి పోయింది. మాట మార్చడానికి ఆమె చూరు వైపు చూపించి ఆ విరిగినవన్నీ ఎవరివని అడిగింది. అన్నీ తనవేనని కాదమ్మ దర్జాగా చెప్పింది. మంచివి కొన్నవాళ్లు పట్టుకుపోతారు, చెడ్డవి చేసినవాళ్లకే మిగులుతాయి కదా అని, ఏది ఎప్పుడు ఎందుకు కూలిందో ఒక్కొక్కదాన్నీ తట్టి చూపిస్తూ కథలా చెప్పుకొచ్చింది. సొంత కూతుళ్ల పెళ్లిళ్ల గురించి కూడా ఎవరూ అంత మురిపెంగా చెప్పరు.

కేతకి ఓపికగా విని, చివరికి నేల విడవకుండా ఎగిరే పడవ కోరిక బయటపెట్టింది. కాదమ్మ సగంలోనే చెయ్యి ఎత్తింది. "కాదు. తలకాయ ఉన్నవాళ్లు అడిగే మాటేనా ఇది?"

ఆ రెండక్షరాలు విని కేతకికి ప్రాణం లేచివచ్చింది. యంత్రపురిలో అడుగుపెట్టాక ఆమె చెవిన పడ్డ మొదటి నిజం అది.

అప్పుడు కాదమ్మ ప్రశ్నలు మొదలుపెట్టింది. ఎక్కేది ఎందరు, తిరిగి వచ్చేది ఎందరు, పోయేది ఎక్కడికి, దిగే చోట రాయా ఇసుకా, గాలి ఏ వైపునుంచి. కేతకి తెల్లబోయింది. జెండా రంగు అడిగినవాళ్లలో ఒక్కడైనా ఆ పడవ ఎక్కడికి పోవాలో అడగలేదు. ఆమె తూర్పుదేశంలో వ్యాపారం అంటూ ఏదో అల్లబోయింది. కాదమ్మ మిరపకాయ తొడిమ ఉమ్మేసి, అబద్ధం చెప్తే నష్టం తనకేమీ లేదని, కొలత తప్పి కూలేది ఎక్కినవాళ్లేనని అంది.

కేతకి ఒక క్షణం ఆలోచించి మీసం పీకి అవతల పారేసింది. తమ్ముడి సంగతి, గ్రహణం సంగతి, ఒంటికొమ్ము కొండ సంగతి దాచకుండా చెప్పేసింది. చిన్నప్పుడు పుష్కరుడు ఉరుముకు భయపడి తన పమిట కిందే నిద్రపోయేవాడని, ఇప్పుడు ఆ కోటలో ఎలా ఉన్నాడో అని కూడా అనేసింది.

"ఆ కోట తలుపులు నేనే చేశాను" అంది కాదమ్మ.

అంబోజి గద పైకెత్తాడు. కాదమ్మ అతని వైపు తిరిగి కూడా చూడలేదు. తాళంచెవి లేని తలుపు కావాలని జృంభకుడు అడిగాడట, తాను చేసి ఇచ్చిందట. పని బాగుందని మెచ్చుకుంటూనే నోరు తెరిచి ఆవులించాడట. కళ్లు తెరిచేసరికి తాను సముద్రంలో ఒక తలుపుచెక్క మీద తేలుతోందట. అప్పటినుంచి బొడ్లో పచ్చిమిరపకాయలు లేకుండా గుమ్మం దాటదట. మిరపకాయ మంట నోట్లో ఉన్నంతసేపు ఆ ఆవులింత అంతగా పనిచేయదని ఆమె కనిపెట్టింది. వాడి గడ్డం పట్టుకుని తలుపుకు మేకు కొట్టే రోజు కోసం ఎదురుచూస్తున్నానని ఆమె చెప్పిన తీరు చూసి అంబోజి గద దించేశాడు.

కేతకి ఆనందం పట్టలేక, అయితే పడవ గ్రహణంలోగా అయిపోతుందా అని అడిగింది.

"కాదు. లేవడం అవుతుంది, ఎగరడం అవుతుంది. మెల్లగా దిగడానికి చక్రం పోతపొయ్యాలి. దానికి తగ్గ కొలిమి ఊళ్లో తప్ప లేదు. సింగన్న దొంగచాటున పోసి తేవాలి. గ్రహణం రోజు పొద్దున్నకు తెస్తే తెచ్చినట్టు, లేకపోతే లేదు." కాదమ్మ మరో మిరపకాయ తీసింది. "ఇంకో మాట. పని నాకు అప్పగించి సత్రంలో కూర్చుంటానంటే వేరే శాల చూసుకో. రోజూ ఇక్కడే ఉండాలి, చెయ్యి కలపాలి, చేసినంతవరకు ఎగరేసి చూడాలి. నేను కాదన్నప్పుడల్లా ఉలిక్కిపడకు. నా నోట అలాగే అన్న మాట వచ్చిందంటే మాత్రం, ఎందుకని అడగకుండా పారిపో."

అలా వైడూర్యగిరి రాకుమారి సముద్రపు ఒడ్డున కొయ్యపొట్టులో మునిగి తేలింది. వేరు లేకుండా గాలిలోనే పెరిగే గాలిబెండు అనే చెట్టు కొయ్యతో ఆ పడవ తయారైంది. ఆ కొయ్యకు పైకి పోవాలనే తప్ప వేరే ధ్యాస ఉండదు. రాళ్లు కట్టి ఉంచకపోతే చెక్క చేతిలోనే ఉండదు. మొదట గంపంత పడవ చేసి అందులో గుమ్మడికాయను ఎక్కించారు. అది తాడిచెట్టంత ఎత్తు పోయి తిరగబడింది. పగిలిన ముక్కలు ఏరి కాదమ్మ చూరుకు వేలాడదీసింది. రెండోసారి మేకను ఎక్కించారు. మోకు కట్టి కిందికి లాగితే మేక క్షేమంగా దిగింది గాని, చుక్కాని తాడు తినేసి దిగింది. అందువల్ల తాడుకు వేపనూనె పూయాలని తేలింది.

తరువాత అంబోజి వంతు. కాదమ్మ అతన్ని త్రాసులో కూర్చోబెడితే ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. పొట్ట లోపలికి పీల్చుకుంటే బరువు తగ్గదని ఆమె కసిరింది. ముందు భాగాన సింహం ముఖం పెట్టాలని, రాచపడవకు అది లేకపోతే వెలితిగా ఉంటుందని కేతకి ముచ్చటపడింది. కాదు, సింహం కావాలంటే అంబోజిని దించేయాలంది కాదమ్మ. కేతకి కాసేపు ఆలోచించి అంబోజినే ఉంచింది. ఆ కాసేపు ఆలోచించినందుకే అంబోజి మనసు నొచ్చుకుని ఒక పూట అన్నం మానేశాడు.

అటు నగరంలో చిత్రభానుడూ రత్నాకరుడూ ఊరికే లేరు. గాలిపడవ అడుగుతూ ఎవరు వచ్చినా పట్టి అప్పగించాలని జృంభకుడు ఎప్పుడో కబురు పెట్టి ఉన్నాడు. ఆయనకూ వాళ్లు అలాగే అన్నారు. మిగతావాళ్లకు చెప్పిన అలాగే వేరు, ఇది వేరు. మాట తప్పితే ఆవులిస్తాడు కాబట్టి యంత్రపురిలో నిలబెట్టుకున్న మాట ఆ తరంలో అదొక్కటే. సత్రంలో పట్టుకుందామని కాచుకున్నా అక్కడికి రాని అతిథి గోడ అవతల ఉన్నాడని తెలియగానే వాళ్లు మాంత్రికుడికి పావురాన్ని వదిలారు.

గ్రహణం రోజు పొద్దున్న పడవ ఇసుకలో సిద్ధంగా ఉంది, ముగ్గురూ ఎక్కి ఉన్నారు. రాళ్లవలలు దాన్ని నేలకు పట్టి ఉంచాయి. చుక్కాని పక్కన దిగుడు చక్రం బిగించే ఇరుసు ఒక్కటీ ఖాళీగా ఉంది. అంతలో పడమటి ద్వారం తెరుచుకుంది. పళ్లెమంత ఇత్తడి చక్రాన్ని గుండెకు కరుచుకుని సింగన్న పరుగెత్తుకొస్తున్నాడు. అతని వెనకాల ఈటెలు పట్టుకున్న భటులు, వాళ్ల వెనకాల పల్లకీలలో శత్రుత్వం మరిచిన శాలల యజమానులు ఇద్దరూ వస్తున్నారు.

భటుల సంగతి అంబోజి చూసుకునేవాడే. కాని అదే సమయంలో సముద్రం మీదినుంచి బూడిదరంగు మేఘం ఒకటి నీళ్లను రాసుకుంటూ ఒడ్డు వైపు జారుకొచ్చింది. దాని ముందు ఎగురుతున్న కొంగలు రెక్కలు ముడిచి టపటపా నీళ్లలో పడి, అక్కడే తల వాల్చి నిద్రపోయాయి. జృంభకుడు ఒంటికొమ్ము కొండ మీద నిలబడి ఇటు తిరిగి ఆవులించాడన్నమాట. కాదమ్మ బొడ్లోంచి గుప్పెడు మిరపకాయలు తీసి తలా నాలుగు నోట్లో కుక్కింది.

మేఘం ఒడ్డెక్కింది. ముందు వరస భటులు పరుగెత్తుతూ పరుగెత్తుతూనే ఇసుకలో వాలిపోయారు, రెండో వరస వాళ్ల మీద వాలింది. పల్లకీలు దబ్బున కిందపడ్డాయి. చిత్రభానుడు రత్నాకరుడి భుజం మీద తల పెట్టుకుని హాయిగా గుర్రుపెట్టాడు. సింగన్న ఇంకా వస్తూనే ఉన్నాడు. ఒక అడుగు, ఇంకో అడుగు, అతని కాళ్లు చిక్కుబడ్డాయి. చక్రాన్ని పసిపిల్లను పట్టుకున్నట్టు రెండు చేతులా పొదువుకుని, మోకాళ్ల మీద కూలబడి, పక్కకు ఒరిగి, మిగిలిన సగం మీసంలోంచి ఈల వేస్తూ నిద్రలోకి జారిపోయాడు.

కేతకి చక్రం కోసం పడవ దిగింది. కళ్లలోంచి నీళ్లు ధారలు కడుతున్నాయి, నోరు కొలిమిలా మండుతోంది. అయినా చిక్కటి మేఘంలో రెండడుగులు వేసేసరికి రెప్పలు సీసపు గుండ్లలా బరువెక్కాయి. అంబోజి ఆమె నడికట్టు పట్టుకుని వెనక్కి లాగి పడవలో పడేశాడు. చక్రం లేకుండా ఎలా అని ఆమె అంటుంటే, పైన సూర్యుడి అంచున నల్లటి గాటు పడింది. గ్రహణం మొదలైంది. ఇక ఆగితే పుష్కరుడు లేడు. కేతకి కత్తి దూసి రాళ్లవలల తాళ్లు తానే నరికింది.

పడవ ఒక్క ఊపున లేచింది. పాక, గోడ, శాలల స్ఫటిక శిఖరాలు, నిద్రపోతున్న భటులు, అన్నీ చిన్నవవుతూ కిందికి జారిపోయాయి. మేఘం కాళ్ల కింద ఉండిపోయింది. తూర్పు గాలి రెక్కల కింద దూరి పడవను సముద్రం మీదికి తోసింది. నురుగు చారలు వెండిదారాల్లా మెరుస్తున్నాయి, ఎగిరే చేపలు పడవ నీడతో పందెం వేసుకుంటున్నాయి. చక్కటి పనితనం అంటే అది. ఒక్క కీలు కిర్రుమనలేదు, ఒక్క చెక్క వదులు కాలేదు. కాదమ్మ చెప్పినట్టే లేవడం లేచింది, ఎగరడం ఎగిరింది. అంబోజి మాత్రం కళ్లు మూసుకుని, పులిహోర వాసన వస్తోందా అని మధ్య మధ్య అడుగుతున్నాడు.

మసక వెలుతురులో ఒంటికొమ్ము కొండ కనబడింది. దాని కొసన నల్లరాతి కోట, కోట మీద ఒక బురుజు, బురుజు మీద గొలుసులతో కట్టేసిన పడుచువాడు. కేతకి ముందుకు వంగి చూసింది. పుష్కరుడే. అతని తలలో ఒకవైపు జుట్టు అప్పుడే నెరిసిపోయింది. అతడు తల ఎత్తి, ఆకాశంలో వస్తున్నది ఏమిటో తెలియక, సన్నగా ముడతలు పడ్డ చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకున్నాడు. అక్కను ఇంకా గుర్తుపట్టలేదు. వెనకాల హోమగుండం దగ్గర జృంభకుడు అటు తిరిగి ఏవో మంత్రాలు గొణుగుతున్నాడు. సూర్యుడు ఇంకా నెలవంకంత మిగిలాడు.

కేతకి ఇంతసేపూ బిగబట్టుకున్న ఏడుపు ఒక్కసారి తన్నుకొచ్చింది. ఆమె కళ్లు తుడుచుకుని, కాదమ్మ చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, వాడి పక్కన దించు. మాంత్రికుడికి చప్పుడు కాకుండా, మెల్లగా దించు."

కాదమ్మ బురుజు వైపు చూసింది. అది బాణంలా దూసుకొస్తోంది. ఖాళీ ఇరుసు వైపు చూసింది. చక్రం ఉండవలసిన చోట గాలి ఈల వేస్తోంది. చెక్కలన్నీ పైకే తప్ప కిందికి పోయేది లేదని మొరాయిస్తున్నాయి. ఆమె పళ్ల మధ్య ఆఖరి మిరపకాయ పెట్టుకుని, కొప్పు బిగించి, చుక్కాని రెండు చేతులా పట్టుకుంది. కేతకి కన్నీళ్ల వంక చూసింది. యంత్రపురి సత్రాలలో కూడా వినబడనంత తియ్యటి గొంతుతో జవాబు చెప్పింది.

"అలాగే తల్లీ."

అంబోజి కళ్లు తెరిచాడు. అడగకుండా పారిపొమ్మని కాదమ్మ ముందే చెప్పి ఉంది. పారిపోవడానికి కింద సముద్రం తప్ప ఏమీ లేదు. కేతకి తమ్ముడి వైపు చూసి, కత్తి పిడి బిగించి, కాళ్లు తన్నిపెట్టి నిలబడింది.